మాంసాహారపు ఎరుపు

కర్మన్‌ఘాట్ గుడి వెనక సందులో రెండంతస్తుల ఇల్లు. కింద ఓనరు శ్రీరామమూర్తి గారు, ఆయన భార్య సూర్యప్రభ. పైన అద్దెకుండే మహిపాల్ కుటుంబం. సోమవారం పొద్దున మెట్ల దగ్గర పంచాయితీ మొదలై అప్పటికే కాసేపయింది.

“కాదు సార్, జర నా మాట…”

“నీ మాట తర్వాత. ముందు ఈ ఫోన్ చూడు. నిన్న మధ్యాహ్నం మీ వంటింట్లో గాలి ఇది. గీత ఎలా లేచిందో చూశావా? ఎరుపు. నిప్పులాంటి ఎరుపు.”

“ఎర్రగైతే ఏమాయె సార్?”

“ఏమాయె అంటావేమిటయ్యా. ఈ ఇంట్లో నీచు వండకూడదని చేరేనాడే చెప్పానా లేదా?”

“చెప్పిన్రు.”

“ఒప్పుకున్నావా లేదా?”

“ఒప్పుకున్న. గని మేం ఏం వండలే సార్. నిన్న మేము…”

“వండకపోతే ఇది అబద్ధం చెబుతుందా? మిషనయ్యా. గాలిలో పొగ, నూనె ఆవిరి, అన్నీ కొలుస్తుంది.”

“ఏమండీ… పైన పెట్టిన పెట్టె కూడా మీ ఫోన్లోకే చెబుతుందా?”

“మరి ఊరికే ఇచ్చానా సూర్యా? మన వంటింట్లో ఒకటి, వాళ్ల వంటింట్లో ఒకటి. కరోనాలో నా ముక్కు పోయింది. మల్లెపూలూ ఒకటే, మురిక్కాలవా ఒకటే. ఇంటి యజమానికి ముక్కు లేకపోతే ఎలా? అందుకే కొన్నాను.”

“అది వాళ్లదేమో అనుకున్నాను…”

“నువ్వు కాసేపు ఊరుకో.”

“సార్, గా డబ్బా దేనికైనా ఎర్రగైతది. మా అమ్మ దానికి బొట్టు పెట్టింది. పొద్దున్నే దాని ముందట ఊదుబత్తి ముట్టిస్తది, ఎర్రగైతది. దేవుడు పలుకుతున్నడని దండం పెడ్తది.”

“అది భక్తి ఎరుపు. నాకు తెలుసు.”

“మొన్నొకనాడు మీరే వచ్చి కూసుంటే నా భార్య సంధ్యారాణి పప్పుకు పోపు పెట్టింది. గప్పుడు గూడ ఎర్రగాయె.”

“అది శాకాహారపు ఎరుపు. లేచినట్టే లేచి దిగిపోతుంది. ఇది దిగలేదు. మధ్యాహ్నమంతా నిలబడింది. మాంసాహారపు ఎరుపు ఇలాగే ఉంటుంది.”

“గది మిషను చెప్పిందా సార్?”

“నేను చెబుతున్నా. మిషను రంగు చూపిస్తుంది. అర్థం మనం చేసుకోవాలి.”

“పోనివ్వండీ. నాదర్‌గుల్‌లో నడపడం నేర్పే చిన్న విమానం ఏదో మేడ మీదుగా వెళ్లుంటుంది. దాని పొగేమో.”

“విమానం మధ్యాహ్నమంతా మన మేడ మీదే ఆగి ఉందా? నీకు అందరి మీదా జాలే. చూడు మహిపాల్, నెలాఖరుకి ఖాళీ చెయ్యి.”

“సార్, అంత మాట అనకున్రి. రమ్యకు ఇంటరు పరీక్షలు దగ్గరికొచ్చినయి. దాని కాలేజు దిల్‌సుఖ్‌నగర్‌ల. ఇప్పుడు ఇల్లు దేవులాడుకుంట బడంగ్‌పేట దాక పోతే బిడ్డ చదువు ఏంగావాలె?”

“రమ్య బంగారం. కాదనను. కానీ నియమం నియమమే.”

“ఏమండీ, పరీక్షల పిల్లని…”

“మన సంగతే తీసుకో సూర్యా. ధ్యానంలో చేరాక నేను నీచు మానేశాను, నువ్వూ మానేశావు. చచ్చిపోయామా? మహిపాల్, విను. రాత్రి మా ఆవిడ వంకాయ కూర చేసింది. మూడుసార్లు వడ్డించుకున్నా. ముక్కు పోయాక ఏది తిన్నా గడ్డి తిన్నట్టే ఉండేది. రాత్రి నాలుకకి ప్రాణం లేచొచ్చింది. ఏమిటది? వంకాయ. ఒట్టి వంకాయ. శాకాహారం రుచి అదీ.”

“అవునా సార్.”

“అవునా ఏమిటి, గిన్నె ఊడ్చేశాను. కావాలంటే ఆవిడనడుగు.”

“…ఊడ్చేశారు.”

“మళ్లీ ఆ కళ్లనీళ్లేమిటి? మెచ్చుకుంటే ఏడుస్తావేం?”

“మీరు కడుపునిండా తిన్నారు కదా, అందుకు.”

“సరే. ఇప్పుడు చెప్పు మహిపాల్. నిన్న పైన ఏం వండారు? కోడా, చేపా?”

“ఎవలం వండుతం సార్? నిన్న మేము ఇంట్లనే లేము. శనివారమే అందరం నల్గొండ వోయినం, మా మేనమామ బిడ్డ ఓణీల ఫంక్షన్. ఇగో, ఇప్పుడే బస్సు దిగినం. చేతిల సంచి గూడ కింద పెట్టనియ్యలే మీరు.”

“లేరా?”

“లేము. గదే చెప్దామని చూస్తున్న ఇందాకటి సంది.”

“మరి తలుపు?”

“తాళమేసినం.”

“తాళం వేసిన ఇంట్లో మాంసాహారపు ఎరుపా? తాళం చెవి ఎవరి దగ్గరుంది?”

“…వద్దులే సార్. మేము ఖాళీ జేస్తం.”

“చెవి ఎవరి దగ్గరుందయ్యా?”

“నెలాఖరు గూడ వద్దు. ఈ వారంలనే పోతం.”

“నా దగ్గరుందండీ. మొక్కలకి నీళ్లు పొయ్యమని ఇచ్చి వెళ్లారు.”

“నీ దగ్గరా? మొక్కలకి నీళ్లు పోస్తే ఎర్రబడుతుందా సూర్యా?”

“నీళ్లు పోశాను.”

“పోశాక?”

“పోశాక… మీరు ధ్యానమందిరం నుంచి సాయంత్రానికి గానీ రారు కదా అని…”

“అని?”

“రొయ్యపొట్టు వేయించానండీ. కింద వేయిస్తే మన పెట్టె మీకు చెప్పేస్తుందని పైకి పట్టుకెళ్లాను. మెత్తగా పొడి కొట్టి కలిపేశాను. ముక్కు పోయిన దగ్గర్నుంచి మీరు రెండు ముద్దలు తిని లేచిపోతుంటే చూడలేకపోయాను.”

“దేంట్లో కలిపావు?”

“వంకాయ కూరలో.”

“ఏ వంకాయ కూరలో?”

“మీరు మూడుసార్లు వడ్డించుకున్నదాంట్లోనే.”

“గిన్నె ఊడ్చేశానే సూర్యా!”

“సార్, కూసోన్రి జర. గా మెట్టు మీద కూసోన్రి.”

“తప్పు నాదండీ. వాళ్లని మాత్రం పంపించకండి.”

“మహిపాల్.”

“సార్.”

“మీరెక్కడికీ పోనక్కర్లేదు. రమ్యని నిశ్చింతగా చదువుకోమను. ఆదివారాలు మాత్రం మధ్యాహ్నం పూట అందరూ ఎటైనా వెళ్లి, ఆ తాళం చెవి మా ఆవిడకి ఇచ్చి వెళ్తూ ఉండండి.”