జెల్ల నోట్లో గుడ్లు

ఎరకయ్యని ఒకడుండేవోడు, మన ఒడ్డువోడే. తెప్ప మీద నిలబడి నీళ్ళ రంగు సూసి, కింద ఏ సేపుందో సెప్పేసేవోడంట. ఒక ఏడు ఏటయిందంటే, మూడు వారాలు ఆడి వలకి ఏటీ తగల్లేదు. ఎరకయ్య సూపు మందగించిందని ఊళ్ళో నవ్వుకున్నారు. ఆ మాట ఆడికి పొడుసుకుంది. మర్నాడు బావమరిదిని ఎక్కించుకుని రాళ్ళ కాడికి ఎల్లిపోనాడు. అక్కడున్నయ్యి గుడ్ల మీదున్న మగ జెల్లలు. మీకు తెలీదు గానీ, మిగతా సేపలు లచ్చల గుడ్లొదిలేసి తమ దారిన పోతాయా, జెల్ల అలాక్కాదు. ఏ నలభయ్యో యాభయ్యో, రేగిపండంతేసి గుడ్లెడతాది. ఆడది పెట్టి పోద్ది, మగది నోట్లో పెట్టుకుంటాది. పిల్లలయి ఈదీదాకా, నెల దాటినా సరే, మేత ముట్టదు. మేత మింగితే గుడ్డు మింగినట్టే కదా మరి. అందుకే ఆ రోజుల్లో రాళ్ళ కాడ ఎవులూ వలెయ్యరు.

ఎరకయ్యకి తెల్దా? తెలుసు. వల లాగీసరికి గుడ్లు తెప్ప మీద జలజలా రాలినాయంట. ఒకటి సేతిలోకి తీసుకుంటే, లోపల్నించి రెండు నల్లటి కళ్ళు. వొదిలేద్దాం బావా అన్నాడంట బావమరిది. నువ్వు మాటాడకని, ఒక్కో జెల్ల నోట్లో ఏలెట్టి, మిగిలిన గుడ్లన్నీ గీకి సముద్రంలో పారేసినాడు. ఒడ్డున ఎవులికీ తెలీకూడదు కదా. ఒడ్డుకొస్తే ఎరకయ్యంటే ఎరకయ్యే అన్నారు. ఇంటికెల్లి అన్నం కలుపుదామంటే ఏళ్ళకి జిగురున్నట్టే ఉందంట, మూడుసార్లు కడుక్కున్నాడు. కడుక్కుని, మర్నాడు మళ్ళీ ఎల్లినాడనుకో. అలా వారం.

పై ఏడు జెల్లలు రాలేదు. ఆ పై ఏడూ రాలేదు. ఊరు కూకుని, ఎవుల తప్పని ఎతికితే, మొగుడు పోయిన కొర్లమ్మ దొరికింది. గంగమ్మకి మొక్కిన రోజున ఒడ్డు తొక్కిందంట, అందుకేనంట. నువ్వేటంటావు ఎరకయ్యా అనడిగితే, తలొంచుకుని, మీరెలాగంటే అలాగే అన్నాడు. అంతే, కొర్లమ్మకి ఒడ్డు లేదు. సేపలెండబెట్టుకునే మనిషి, సరుగుడు తోటెనక కూకునేది.

ఒకనాడు ఎరకయ్య ఆ దారినెల్తంటే ఆపింది. ఆపి ఏటందంటే, "తమ్ముడా, నువ్వు నీళ్ళు సూసి సెప్పేవోడివి. నిజంగా నా మూలంగానే పోనాయా?"

తిట్టలేదు, ఏడవలేదు. ఆడు సెప్తే నమ్మేద్దామని అడిగింది. ఆడు ఎనక్కి తిరిగినాడు. తిన్నగా ఒడ్డుకెల్లి, వలలు బాగుసేసుకుంటన్న అందరి ముందూ సెప్పేసినాడు, ఆ నల్లటి కళ్ళ సంగతితో సహా. ఒక్కరూ తిట్టలేదంట. ఎవుల వల ఆళ్ళు సూసుకున్నారు. మీదకొచ్చి కొట్టినా బాగుండేదనుకున్నాడంట.

కొర్లమ్మని పిలిసినారు. ఆవిడొచ్చి, "నేనడిగినప్పుడు కాదు ఎరకయ్యా, ఆళ్ళు నిన్నడిగినప్పుడు సెప్పుండాల్సింది" అంది. అని, గంప దించుకుని ఇసకలో కూకుంది.

జెల్లలు మళ్ళీ వొచ్చాయా అంటారా? ఒకటీ అరా. ఎరకయ్య మటుకు బతికున్నన్నాళ్ళూ రాళ్ళేపు తెప్ప తిప్పలేదు. అందరూ ఆణ్ణే అంటారు గానీ, ఆ వారం జెల్ల పులుసు ఉడకని ఇల్లు లేదంట ఊళ్ళో. మా ఇంట్లోనూ ఉడికింది. ఈటి పొట్టలెందుకిలా అంటుకుపోయాయని కోసిన ఆడోళ్ళూ అడగలేదు, తిన్న మగోళ్ళూ అడగలేదు.