పెద్దబండ మీది రాతిమొక్క

మెలావి నది ఎగువన, గుంజల మీద కట్టిన ఇంట్లో, నడుము విరిగి మంచాన పడ్డ కొర్నెలియుస్, ఏటిరాళ్ళని పట్టుకుని పెరిగే రాతిమొక్క ఉన్న గాజుతొట్టి వైపు ఒరిగి ఉన్నాడు. అన్నం గిన్నెతో చెల్లెలు పెత్రొనెలా వచ్చింది.

"ఆకు వేసిందా అన్నా?"

"వేసింది. చిటికెనగోరంత. నెలన్నర పట్టింది దానికి."

"అయితే బతికినట్టే."

"పాతాకులు రెండు కరిగిపోయాయి మరి. ఏం నీళ్ళు పోశావు?"

"వాననీళ్ళు."

"ఏటినీళ్ళు తెమ్మన్నానా లేదా?"

"ఏరు... బురదగా ఉంది."

"మొన్నా బురదేనన్నావు."

"మొన్నా వాన పడింది. ముందు తిను."

"తింటాలే. పోయిన నెల మూడు ముక్కలు కోసిచ్చాను కదా. పెద్దబండకి దారంతో కట్టావా?"

"కట్టాను."

"వేళ్ళు పట్టాయా?"

"పడతాయిలే. రాతిమొక్కకి తొందరేముంది?"

"పట్టాయా అంటున్నాను, పెత్రా. ఏట్లో ఉన్న ఈ మొక్కలన్నీ గీకి వర్తకుల పెట్టెల్లో నింపినవాణ్ణి నేను. మిగిలింది ఈ ఒక్క దుబ్బు."

"పట్టాయి. చూశాను. బాగానే..."

"ఏ పక్కన కట్టావు?"

"నీళ్ళు దూకే పక్కన."

"నీళ్ళింకా దూకుతున్నాయా?"

"అదేం మాట?"

"విరిగింది నడుమే, చెవులు కాదు. రెండేళ్ళ కిందటి ఆ పేలుడు ఉరుమనుకున్నాననుకున్నావా?"

"అన్నా..."

"బండ లేదు కదూ?"

"లేదు. కంపెనీవాళ్ళు పిండి చేసి పడవల్లో ఎత్తుకుపోయారు. నువ్విచ్చిన ముక్కలు మా ఇంట్లో కుండలోనే కుళ్ళిపోయాయి."

"ఊఁ."

"తెలిసీ ఈ తొట్టి ముందెందుకు పడుంటావు?"

"పొద్దున్నే వచ్చి ఆకు వేసిందా అంటావు. వేయలేదని చెప్పలేక."

"నీ కోసం అడిగేదాన్ని నేను!"

"నా కోసమా?"

"మరి? దిక్కుమాలిన కంపెనీ! వాళ్ళకి ఒప్పుకుంది ఎవడోగానీ, వాడి చెయ్యి పడిపోనూ..."

"తిట్టకే."

"ఎందుకు తిట్టకూడదు? రోడ్డు వేస్తామని చెప్పి రాయి పట్టుకుపోయారు. రోడ్డూ లేదు, రాయీ లేదు."

"నీకు నొప్పులొచ్చినప్పుడు, ఆస్పత్రికి పడవలో ఎంతసేపు పోయాం?"

"అదెందుకిప్పుడు?"

"చెప్పు."

"పొద్దు పొడిచినప్పుడు ఎక్కితే పొద్దుగూకింది. బిడ్డ మధ్యాహ్నమే... ఎందుకడుగుతావన్నా అవన్నీ?"

"రోడ్డు పడితే ఇంకో బిడ్డ అట్లా పోదనుకున్నాను. పెద్దబండ మన నాన్న వాటా కదా. కంపెనీకి ఒప్పుకున్న ఆ కాగితం మీద వేలిముద్ర నాదే, పెత్రా."