మేకుకు బిళ్ల

హలో… ఆ, నేనే, ఓబలప్పనే. నువ్వెవురు?

…ఎదురింటి పుష్పావతి కూతురా? దీపశ్రీనా? నా నంబరు నీకెవురిచ్చినారు?

…మీ అమ్మ ఫోన్‌లో ఉండాదా. సరే, ఏం కావాల?

…బాగుండానా అంటే? బాగుండక ఏమి! అడగమని ఎవురు చెప్పినారు… మూలింటి గుండప్పనా? నేను పోతే ఈ ఇల్లు తనదేనని కాచుకోని ఉండాడు!

…బిళ్లా? నా ఇత్తడి బిళ్లతో నీకేం పని? గనిలో ఇచ్చిన నంబరు బిళ్ల అది. దొంగిలించింది కాదు. పోయి చెప్పు గుండప్పకి.

…కాలేజీలో కథ చెప్పినారా? దానికీ దీనికీ ఏమి?

…ఒకాయన రోజూ వాకిట్లో రెండో కుర్చీ వేస్తాడు… ఎవురూ రారు… ఊఁ?

…కుర్చీ అంటే కుర్చీ కాదా? ఇంగేంది?

…ఒంటరితనమా. మీ మేడమ్ అనిందా.

…ఓహో, అప్పుడు నేను గుర్తొచ్చినానా! నా పేరు చెప్పి అందరూ నవ్వుకున్నారా?

…చెప్పలేదా? ఒట్టు?

…సరే, విను. షిఫ్టుకు దిగేముందు బిళ్ల మేకుకు తగిలించి పోతా ఉంటిమి. పైకొచ్చి తీసుకుంటా ఉంటిమి. షిఫ్టు అయిపోయినా మేకుకే ఉండాదంటే, మనిషి లోపలే చిక్కుకున్నాడని లెక్క. అంతే, వెతికేదానికి దిగుతారు.

…ఆ, ఇప్పుడు గని లేదు. నాకు తెలీదా? మా ఇంటిది తాయమ్మ పోయినాక నేనొక్కణ్ణే కదా పాపా. పడుకునేముందు తలుపు బయట మేకుకు తగిలిస్తా, పొద్దున లేచి తీస్తా. ఆరేండ్లాయె. ఇదేందని ఒక్కరు… ఒక్కరూ అడగలేదు.

…నువ్వు రోజూ చూస్తా ఉండావా? ఎందుకు? నా మీద కాపలానా?

…ఏమి? ఇంగా మేకుకే ఉండాదా?

…టైమెంత?

…పదకొండా!

…అబద్ధం చెప్పినా పాపా. బాగలేను. జొరం. తెల్లారుతానే లేవబోయి పడినా. మంచం పక్కన కిందనే ఉండా.

…ఫోన్ చేతిలోనే ఉండాది. ఎవురికి చేయాలో తోచలేదు.

…ఏడవద్దు. యాడుండావు?

…నా వాకిట్లోనేనా!

…గడియ వేయలేదు. తోసుకోని రా.

…పెట్టేస్తావా, సరే— ఆగాగు! వచ్చేటప్పుడు ఆ బిళ్ల తీసుకోని రామ్మా.