గుండీల రేకు

కుట్టుమిషను పక్కన బల్ల మీద కోడలు విడిభాగాలు తెచ్చుకుని కొత్త కంప్యూటరు బిగిస్తోంది. ఆఖరి మర తిప్పాక పెట్టె వెనకవైపు చూసి నాలుక కరుచుకుంది.

"అత్తయ్యా, కన్నాల రేకు ఒకటి ఉండాలి. చూశారా?"

"ఎలాంటిదే?"

"జానెడు పొడుగుంటుంది. వెనకాల వైర్లు గుచ్చే చోట పెడతారు."

"అదా! ప్యాకింగు చెత్త అనుకున్నాను. పొద్దున్నుంచీ దాంతోనే గుండీలు వేరు చేస్తున్నాను. ఈ గుండ్రటి కన్నంలోంచి కాలరు గుండీ జారుతుంది, చొక్కా గుండీ జారదు. చూడు!"

"అయ్యో! అది పెట్టెలో వైర్లు గుచ్చే బోర్డు కంటే ముందు పెట్టాలి. ఇప్పుడంతా విప్పాలి."

"మరి ముందే అడగలేదేం?"

"మర్చిపోయాను."

"అయితే సగం తప్పు నీదే."

"ఆరింటికల్లా ఆన్ చేసి చూపిస్తానని మీ అబ్బాయి దగ్గర గొప్పలు పోయాను. ఇక వారం రోజులు ఏడిపిస్తారు."

"విప్పవే. తిరగేసి కుట్టిన కాలర్లు నేనెన్ని విప్పలేదు! మరలు నా సూదుల డబ్బాలో వెయ్యి."

"విప్పడం అయింది. రేకు టక్కున కూర్చుంది. బోర్డు పెట్టేశాను. ఇక మరలివ్వండి."

"ఆగాగు. ఆ రేకు అంచు ముక్కొకటి వంగి వైరు కన్నంలో దూరింది."

"అవును! మీ కళ్లకి దండం, అత్తయ్యా."

"సూదిలో దారం ఎక్కించే కళ్లే మరి. తీసి సరిగ్గా పెట్టు."

"పెట్టాను. బిగించాను. ఇదిగో, వెలిగింది! ఆరు కావడానికి ఇంకా పది నిమిషాలున్నాయి."

"బావుంది. ఇంకొకటి ఎప్పుడు కొంటావు?"

"ఇంకో కంప్యూటరా? ఎందుకు?"

"రేకు కోసమే. గుండీలింకా సగం మిగిలాయి."