దొర ఇచ్చిన తోలట్ట పుస్తకం

ఆ పుస్తకం తనకు కావాలని శశికళ ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. పదో తరగతితో బడి మానేసి, సెల్‌ఫోన్‌లో సినిమాల కింద పడే అక్షరాలు చూసి ఇంగ్లీషు నేర్చుకున్న పిల్ల. తాత దాచిన ఇంగ్లీషు నవల చదువుతానంటే నవ్వుతారని భయం. ఇప్పుడు అడిగే దారీ లేదు. పాత పుస్తకాలు కొనే బెంగళూరు సోమశేఖర్‌కు, వచ్చి తీసుకోని పో అని నాయన ఫోన్లో గొప్పగా మాట ఇచ్చేసినాడు. సాయంత్రం అతను వస్తాడు.

ఇచ్చేముందు బంగారు గనుల ఊరు ఊరిగాం అంతా చూడాలని నాయన ఓబలప్ప దాన్ని తుండుగుడ్డలో చుట్టి గంగులమ్మ టీ అంగడికి తెచ్చినాడు. కూతురు వెంట వచ్చింది. ఎర్రటి తోలట్ట, పై అంచున బంగారు పూత, అట్ట నిండా పాత కుంకుమ మరకలు. ఏటా ఆయుధపూజకు బొట్టు పెట్టేదానికి తప్ప ఇంట్లో దాన్ని ఎవరూ ముట్టకూడదు.

"విక్టోరియా రాణి కాలం నాటి నవల అప్పా ఇది. గని దొర ఇంగ్లీషు సీమకు తిరిగి పోతా ఉంటే మా నాయన దొడ్డమునియప్ప పెట్టె మోసినాడు. దొర సంతోషపడి దీన్ని చేతిలో పెట్టినాడు. అంతే అయితే నేనెందుకు చెప్తాను? మా నాయన దీన్ని గనిలోకి తీసకపోయి, తలమీది దీపం వెలుగులో కొసవరకూ చదివినాడు."

"ఇంగ్లీషులోనా?" అన్నాడు చెన్నప్ప. మనుషుల్ని గనిలోకి దించే కేజ్ నడిపి రిటైరైన మనిషి.

"ఇంగేం, తమిళంలో చదువుతాడా? చదివి తెలుగులో చెప్తా ఉంటే షిఫ్టు మొత్తం సుత్తులు కింద పెట్టి కూర్చునింది. కథలో పిల్ల చచ్చిపోయే కాడికి వచ్చేసరికి అందరూ ఏడ్చిన ఏడుపుకు మోకాలి లోతు నీళ్ళు నిలిచి, పంపులు పెట్టి తోడాల్సి వచ్చింది."

"ఉప్పగా ఉన్నాయా నీళ్ళు?" అన్నాడు చెన్నప్ప.

"ఉప్పంటే ఉప్పా, మా అమ్మ వాటితోనే సంగటి కెలికింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బండ కూడా కరిగి, డ్రిల్లు పెట్టకనే బంగారు రాలింది. యాడో సీమలో ఉండే దొర కథ కొస మర్చిపోయి, నిద్దర పట్టక, ఓడెక్కి తిరిగొచ్చి, కేజ్‌లో దిగి మా నాయన ముందర బాసింపట్టు వేసుకోని కూర్చున్నాడు, కొస చెప్పు మునియప్పా అని."

"దించింది నేనేనేమో, గుర్తులేదు," అన్నాడు చెన్నప్ప.

శశికళకు విన్న కథే. విన్నప్పుడల్లా ఒళ్ళు పొంగేది. ఈ పొద్దు మాత్రం ఆమె కళ్ళు పుస్తకం మీదనే ఉన్నాయి.

గంగులమ్మ తడిచేయి కొంగుకు తుడుచుకోని పుస్తకం అందుకుంది. కాగితం తిప్పబోయి ఆగింది.

"ఓబలప్పా, ఈ కాగితాలు అంచుకాడ కలిసే ఉండాయే. అచ్చేసినోళ్ళు మడిచి కుట్టినట్టే ఉండాయి. కత్తి పెట్టి కోస్తేగానీ లోపల కనపడదు. మీ నాయన సందులోంచి తొంగి చూసి చదివినాడా?"

చెన్నప్పకు టీ పొరబోయింది. ఓబలప్ప చేతిలో గ్లాసు కింద పెట్టినాడు.

"మా నాయనకు అక్షరం రాదు," అన్నాడు. "ఆయుధపూజకు దీన్ని సుత్తి పక్కన పెట్టి మొక్కేవాడు. ఇంట్లో ఎవురో ఒకరు చదవకపోతారా అని దాచినాడు. నేను చదవలా. ఇంగ ఎవురుండారు?"

"నేనుండాను నాయనా."

గంగులమ్మ బన్ను కోసే కత్తి తుడిచి శశికళ ముందర పెట్టింది.

ఓబలప్ప కూతురి వైపు తిరిగినాడు. మెల్లగా మీసం మీదికి చేయి పోయింది. "చూస్తాండు చెన్నప్పా, మా శశి చదివేది వినేదానికి ఆ దొర మనవళ్ళు ఓడెక్కి వస్తారు."

"ఈసారి విమానంలో రమ్మను. కేజ్ మూసేసినారు."

శశికళ కత్తి అందుకోబోయి ఆగింది. కోసినాక ఇంగ ఎవరికీ ఇచ్చేది లేదు. ఆ మాట ముందు సోమశేఖర్‌కు చెప్పాలి, అతను బెంగళూరులో బస్సెక్కక ముందే. ఫోను బయటికి తీసింది.