బడే సాయిబు రాసిన పేరు

ఆ సున్నం బక్కెట్టు ఆడ దించొద్దు. ఇట్ల పక్కకు జరుపు. ఊఁ, ఇంకొంచెం. కూచో. టీ ఇస్తానేమో అనుకునేవు, ఇచ్చేది లే, నాకిప్పుడు కోపంగా ఉండాది. ఏంది, మొహసినా నీ పేరు? గిద్దలూరు బడే సాయిబు మనవడివా? ఓర్నీ. ఊరూరా తిరిగి బోర్డులు రాసిన మనిషి మనవడివి, నువ్వు రోలరు పట్టుకొని ఈ బడి గోడ తుడిపేదానికి వచ్చినావా? ఎవురు పంపిచ్చినారు, ఆ రమేషేనా? బడి కమిటీకి పెద్ద అయినాడు గదా, కండ్లు నెత్తికెక్కినాయి వానికి. గోడంతా తెల్లగా కొట్టిచ్చి బొమ్మలేపిస్తాడంట. కుందేలంట, సీతాకోకచిలకంట. ఏపిచ్చుకోనీ, నేనొద్దన్నానా? అటుపక్క గోడ ఖాళీగానే ఉండాది, ఏనుగుల మందనే ఏపిచ్చుకోనీ. ఈ గోడ జోలికెందుకు? పొద్దన్నే వచ్చి నాకు పాఠం చెప్పిపోయినాడు. "పెద్దాయనా, ఈ కాలంలో గ్రామరు గోడ మీద ఎవురు చదువుతారు, అంతా ఫోన్లోనే గదా" అని మూతి తిప్పుకుంటా. అప్పటినించి ఈ నులకమంచం గోడకడ్డం ఏసుకొని కూచున్నా. మేకల్ని గూడా తోలకపోలా. అరుస్తాండాయి దొడ్లో, అరవనీ.

నేను బడి మొగం చూసినోన్ని కాదు నాయనా, వేలిముద్ర నాది. అయినా ఆ గోడ మీదుండేదంతా చెప్తా, ఇను. బడికి ఎదురిల్లు గదా మాది, నలభై ఏండ్లుగా ఇంటాండా. పిల్లోల్లు పొద్దన్నే ఈడ వరసగా నిలబడి ఇంటికప్పు లేచిపోయేట్టు అరుస్తారు. నౌను అంటే నామవాచకం, ఉదాహరణకు... సరేలే, అది నేను పలకను. ప్రొనౌను అంటే సర్వనామం, ఉదాహరణకు షీ, ఆమె. వెర్బు అంటే క్రియ, రన్, పరుగెత్తు. అడ్జెక్టివు అంటే విశేషణం, గుడ్, మంచి. ఆమీద అడ్వెర్బు, ప్రిపొజిషను, కంజంక్షను. చిట్టచివర ఇంటర్జెక్షను. దానికి "అలాస్, అయ్యో" అనాల. ఆ అయ్యో అనేదానికే కాసుకోనుంటారు దొంగనాయాండ్లు, ఊరు దద్దరిల్లిపోతాది. జాకబ్ అయ్యవారు పెట్టినాడు ఈ పద్ధతి. అప్పట్లో ఇంగ్లీషు ఆరో తరగతిలోనే గదా మొదలు. మన పిల్లోల్లు రాచర్ల హైస్కూలుకు పోయి ఆ పుస్తకం చూసి, బెదిరిపోయి, మేకలెంటబడి తిరిగేది. భాషాభాగాలు ఈడనే చెవిన పడితే ఆ భయం పోతాదని ఆయన పట్టు. మంచోడు. కోపిష్టి, కానీ మంచోడు.

రాసేదానికి మీ దాదాను, ఆ బడే సాయిబును, పిలిపిచ్చినాడు. యాడ చెప్తాండా నేను? ఆఁ, దానికి ముందటేడు గూడా వచ్చినాడు మీ దాదా, అఆలు రాసేదానికి. లుంగీ మోకాళ్ల పైకి కట్టి, చెవి సందులో బీడీ పెట్టుకొని, సైకిలుకు రంగుడబ్బాలు ఏలాడేసుకొని. నా బిడ్డ అప్పుడు నాలుగో తరగతి. ఆయన్ని ఒక్క గడియ నిలవనీలే. మామా, నా పేరు రాయి మామా, ఒక మూల చిన్నగా రాయి మామా అని ఒకటే పోరు. "పోయే, గోడంటే నీ పలకనుకుంటివా" అని కుంచె ఎత్తి అదిలిచ్చినాడు. నగుకుంటా ఉరికొచ్చింది ఇంటికి, మొగం మీద పచ్చరంగు చుక్కలు పడింటే ఆ చుక్కలు కడగనియ్యలే వాళ్లమ్మను. ఆ యేడు వానలు పడినాక జొరమొచ్చింది. మార్కాపురం ఆసుపత్రికి బస్సులో తీసకపోతిమి. పోయింది. అంతే. దాని గురించి ఇంకేమీ అడగొద్దు నన్ను.

పోయిన పిల్ల పేరు ఎత్తగూడదు మాకు. ఎవురు పెట్టినారో ఈ కట్టుబాటు, వాని నోరు పడిపోను. ఊర్లో ఒక్కరు ఎత్తరు. ఆ పిల్ల అంటారు, పోయిన పిల్ల అంటారు. దానితోపాటు గచ్చకాయలాడినోల్లు గూడా అట్లనే అనేది. ఆ పేరుతో ఇంకో పిల్ల ఉంటే ఆ పిల్లను వేరే పేరుతో పిలిచినారు, మా ముందర. మీ అవ్వ, అదే, నా పెండ్లాం ఆదిలక్ష్మమ్మ, ఆ పొద్దు నించి ఈ పొద్దు దాకా నోట్లోనించి రానీలే. నేనూ అంతే. కాన్పుకు ముందే అనుకొని పెట్టుకున్న పేరు అది, ఇద్దరం కొట్లాడి మరీ పెట్టుకున్యాం. ఏమైపోయింది? మనిషిని కాటికి తీసకపోతిమి సరే, పేరును గూడా తీసకపోయి పూడ్చాల్నా?

మర్సటేడు బడి తెరిచినారు. నేను దొడ్లో మేకల పెంట తట్టకెత్తుతాండా. నౌను అంటే నామవాచకం అని అరుపు, ఎనకాలనే నా బిడ్డ పేరు. అంతమంది గొంతులు ఒక్కసారిగా. తట్ట ఆడనే పడేసినా. ఏమైందో నాకే తెల్దు, మేకల్ని తోలే కట్టె చేతికొచ్చింది, ఉరికినా. మీ దాదా నిచ్చెన మీదుండాడు, రెండో లైను దిద్దతా. నిచ్చెన పట్టి ఊపినా. ఎవుర్నడిగి రాసినావురా నా బిడ్డ పేరు అన్యా. అంతకు ముందు ఎప్పుడూ రా అన్లే ఆయన్ని. దిగొచ్చినాడు. నా కట్టెకు అందేంత దగ్గరికొచ్చి నిలబడినాడు. "ఏదన్నా ఒక పేరు రాయమన్నాడన్నా అయ్యవారు. కుంచె ముంచినాక నాకు వేరే పేరు రాలేదు" అన్యాడు. అంతే అన్యాడు. కొడదామని ఎత్తిన చెయ్యి అట్లనే ఉండాది. ఎనక్కి తిరిగి చూస్తే మీ అవ్వ గడపలో చేట పట్టుకొని నిలబడుండాది. బియ్యం ఒలికిపోతాండాయి, చూసుకోలే. "ఉండనీయండి" అనింది.

మాకు లేని బాధ ఊరికొచ్చింది చూడు. సర్పంచి బయలుదేరినాడు, ఎనక పదిమంది. చచ్చిన పిల్ల పేరు మా పిల్లోల్ల నోట పలికిస్తారా, దిష్టి తగలదా, ఎవురికేమైనా అయితే జాకబ్ పూచీనా అని. అయ్యవారు నచ్చజెప్పబోతే ఆయన మతం ఎత్తినారు. ఆయన మతానికీ దీనికీ ఏంది సమ్మందం? సిగ్గులేదు. పిల్ల పోయినప్పుడు బండి కట్టమంటే ఎడ్లకు కాళ్లనొప్పులన్యాడు ఆ సర్పంచే. ఆ పొద్దు రాని నోరు పేరు కాడ వచ్చింది. తుడిపెయ్యమన్యారు మీ దాదాను. ఆయన సున్నం కుంచె తడిపి సర్పంచి ముందరికి చాపినాడు. "రాసేది నా పని సర్పంచిగారూ. తుడిపేది మీకు కావాల గదా, తుడపండి" అన్యాడు. సర్పంచి పక్కోని మొగం చూసినాడు. పక్కోడు ఆ పక్కోని మొగం చూసినాడు. సున్నం కారి కారి మీ దాదా మోచేతి దాకా వచ్చింది. ఒక్కని చెయ్యి ముందుకు రాలే. మీసాలుండాయి అందరికీ. ఒక్కొక్కరే తలకాయలు గోక్కుంటా జారుకున్యారు. ఆ పొద్దు కడుపు చల్లబడింది నాకు, అబద్ధమెందుకు.

అప్పటినించి ఏటా ఎండాకాలం అయిపోయే ముందర ఎవురూ పిలవకుండానే వచ్చి దిద్దిపొయ్యేటోడు. ముసలోడయినాక, చెయ్యి వణికినాక గూడా వచ్చినాడు. ఆయన పోయినాక దిద్దేటోడు లేడు. ఎలిసిపోయినాయి చూడు, పైలైను తప్ప మిగతాయి మసకే. అయినా సరే మీ దాదా మీద నాకు కోపం పోలా. పోదు గూడా. అది బతికుండంగా కాళ్లకు అడ్డంపడి అడిగిందే, ఒక మూల చిన్నగా రాసుంటే ఈ గోడ కూలిపొయ్యేదా? చూసుకొని మురిసిపొయ్యేది. అది లేనప్పుడు అంత పెద్దగా రాసి ఎవురికి చూపిచ్చేదానికి? ఆ మాట నేను ఆయన్ని అడగలా. అడిగింటే మళ్లా రాడేమోనని.

ఏంది? సున్నం కొట్టి మళ్లా నువ్వే రాస్తావా? రాసేటోనివా నువ్వు, రోలరు దొర్లిచ్చేటోనివి. ఆ రమేషు రాయనిస్తాడా? కుందేలు తోక మీద రాస్తావా? బడికి సెలవులిచ్చినప్పటినించి ఈ గోడకాడ అరుపే లే. మీ అవ్వ రోజూ పొద్దన్నే గడపలోకొచ్చి నిలబడతాది, కాసేపు చూసి లోపలికి పోతాది. బడి ఎప్పుడు తెరుస్తారని అడగతాది నన్ను. ఏం చెప్పాల నేను, తెరిచినాక కుందేలు అంటారని చెప్పాల్నా? రోలరు కిందపెట్టు. లే. నీకు చదువొచ్చు గదా, ఆ మొదటి లైను చదువు. నావల్ల కాదు. చదువు. అట్ల లోపల్లోపల కాదు, గోడ పక్కకు కాదు, మా ఇంటి పక్కకు తిరుగు. ఇంకా గట్టిగా. మీ అవ్వకు చెవులు సరిగా ఇనబడవు.