బోర్లా పడేసిన రాజులు

అమెరికాలో జూదశాలల ఊరు రెనోలో, పొద్దున్నే, జోలీన్ వంటగది. ఆమె మొగుడు కర్టిస్ టిఫిన్ తింటున్నాడు. ఎదురుగా ఆమె తండ్రి లైల్.

“పక్కింటి వెర్నా చెబితే తెలిసింది, లేకపోతే నాకెవడు చెబుతాడు! జోలీన్ వ్యాన్ అమ్ముతున్నావంట. పది గంటలకి ఎవడో వచ్చి తోలుకుపోతాడంట.”

“ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు మావయ్యా. అమ్మితే ఏమైంది? నాలుగు నెలల్లో కొత్తది కొంటా.”

“దేంతో?”

“ఆ డబ్బు పెట్టి పేకాటలో పెద్దాటకి వెళ్తున్నా. రెండు డాలర్ల టేబుల్ ఇక చాలు. పది డాలర్ల టేబుల్లో పేరు రాయించా.”

“ముందు ఆ బేకన్ నమిలి మింగు. నోట్లో పెట్టుకుని మాట్లాడుతుంటే కడుపులో తిప్పుతోంది.”

“నన్ను చూస్తే మీకెప్పుడూ తిప్పుతూనే ఉంటుంది. ఏడాది పొడుగునా ఒక టేబుల్లో గెలిచినవాడు పైమెట్టు ఎక్కాలి. పేకాట తెలిసినవాడెవడైనా చెప్పే మాటే.”

“గెలిచినవాడు.”

“గెలవలేదా మరి? రోజురోజూ పుస్తకంలో రాసుకున్నా. కావాలంటే చూడండి.”

“చూశా. మంగళవారాలు గెలిచావు, శుక్రవారాలు గెలిచావు. మిగతా రోజుల సంగతేంటి?”

“మిగతా రోజులు... ముక్కలు పడలేదు. ఆ రెండు రోజులే నాకు కలిసొస్తాయి.”

“ఆ రెండు రోజులు టేబుల్‌కి ఎవరొస్తారు?”

“మీరు. అదేగా నేననేది, ముసలాళ్లకి బెదురెక్కువ. మీ మొహం చూస్తే చాలు, చేతిలో ఏముందో చెప్పేస్తా. మొన్న శుక్రవారం గుర్తుందా? నా దగ్గర ఉత్త చెత్త. అయినా ఉన్న డబ్బంతా పందెంలోకి తోశా. మీరు వణుక్కుంటూ ముక్కలు పడేసి ఆట వదిలేశారు! టేబులంతా ఒకటే నవ్వు.”

“నవ్వారు.”

“అదీ ఆటంటే!”

“మూడు రాజులు.”

“ఏంటి?”

“నేను పడేసింది. మూడు రాజులు. బోర్లా పడేసిన ముక్కల్ని ఎవడూ తిప్పి చూడడుగా.”

“అబద్ధం. మూడు రాజులు పెట్టుకుని ఎవడైనా పడేస్తాడా?”

“అద్దె కట్టుకోమని డబ్బు చేతికిస్తే ఏం చేశావు? మెట్ల మీద విసిరికొట్టావు. పరువుగల మగాడివి మరి! అదే పేకలో ఇస్తే ఒళ్లోకి లాక్కుని జేబులు నింపుకున్నావు. గనిలో దుమ్ము మింగి తెచ్చుకున్న నా పింఛనది. ఛీ! ఏడాదిగా ఆ టేబుల్ దగ్గర వణుకు నటిస్తుంటే నా మీద నాకే రోత పుట్టింది.”

“మెల్లగా మావయ్యా. జోలీన్ వింటుంది.”

“వినడమేంటి? వారానికి రెండుసార్లు ఆ వ్యాన్లోనే నన్ను అక్కడ దింపి, ‘నాన్నా, ఈ నెల కరెంటు కూడా కట్టాలి’ అని చెప్పి పంపేది ఎవరనుకున్నావు?”

“...అయినా సరే. నేను పెద్దాటకి పనికొస్తా. మీరే చూస్తారుగా.”

“వెళ్లు అల్లుడుగారూ, వెళ్లు. అక్కడ నీకు మామ ఎవడూ ఉండడు.”